మట్టిబొమ్మనాడే చెప్పవలసిన మాట

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ప్రకటన చిత్రముల నిర్మాణ నిర్వహణమును గూర్చిన ప్రసంగ పాఠము)

చీర కొనదలచినవారు మడత విప్పి, అంచు చూచి, వెలుతురులో పట్టి మరీ బేరమాడుదురు. బిందె కొనువారు వ్రేలితో తట్టి చూతురు. ధాన్యము కొను వర్తకుడు గుప్పెడు గింజలు అరచేత నలిపి చూడనిదే ధర చెప్పడు. కాని తన దుకాణమును గూర్చియో, పాఠశాలను గూర్చియో, రైసుమిల్లును గూర్చియో రెండు నిమిషముల వీడియో చిత్రము చేయించుకొనదలచిన పెద్దమనిషి ఇంకను పుట్టని వస్తువునకు బయానా ఇచ్చుచున్నాడు. ఆయన మనస్సులో ఒక చిత్రమున్నది. తీయువాని మనస్సులో మరియొక చిత్రమున్నది. రెండును ఒక్కటియేనని ఇరువురును నమ్ముదురు. ఆ నమ్మకము చివరి దినమున గాని చెడదు. చెడునప్పటికి డబ్బు ఖర్చయి యుండును.

ఈ ఇరువురి నడుమ నిలిచి, ఒకరి మాట ఒకరికి తెలియజెప్పి, చెప్పిన గడువులోపల, చెప్పిన ఖర్చులోపల పని ముగించువాడు ప్రకటన సంస్థలో ప్రొడక్షన్ మేనేజరు. తెరమీద ఆయన ముఖము కనబడదు. చిత్రము బాగున్నచో పేరు తీసినవానికి, బాగులేనిచో మాట ఆయనకు. నేటి మా ప్రసంగము ఆయన పనిని గూర్చి.

ఇది మనబోటివారికి పట్టని విషయమని శ్రోతలు తలపరాదు. ఒకప్పుడు మన పట్టణములలో ప్రకటన యనగా వీధిలో టముకు, జట్కాబండికి కట్టిన అట్ట, సినిమాహాలులో విరామసమయమున వేయు స్లయిడు మాత్రమే. రేడియోలో వర్తక ప్రకటనలు 1967 నవంబరు 1వ తేదీన వివిధభారతిపై మొదలైనవి. దూరదర్శన్‌లో 1976 జనవరి 1వ తేదీన వచ్చినవి. అప్పటికిని ప్రకటన చిత్రము తీయించుట పెద్ద కంపెనీల పనిగానే యుండెను. నేడు ప్రతి చేతిలోను సెల్‌ఫోను ఉన్నది. తెనాలిలోని బట్టలకొట్టు, బాపట్లలోని కళాశాల, రేపల్లె దగ్గరి రొయ్యల వ్యాపారి, అందరును చిత్రములు తీయించుకొనుచున్నారు. నిన్నటివరకు పెండ్లివీడియోలు తీసిన స్టూడియోలే నేడు ఈ పని చేయుచున్నవి. కావున చిత్రము చేయించుకొనువారును, చేయువారును, ఇరువురును మా శ్రోతలలోనే యున్నారు.

తెనాలి నాటకములకును నటులకును ఎంత ప్రసిద్ధమో, విగ్రహములకును అంత ప్రసిద్ధము. ఊరూరి కూడళ్లలో నిలిచియున్న నాయకుల విగ్రహములలో తెనాలి శిల్పశాలలలో తయారైనవి అనేకములు. అచ్చటి శిల్పి పని నడుపు తీరును గమనింపుడు. విగ్రహము కావలెనని వచ్చినవారిని ముందు ఫొటోలడుగును. ఎదుటినుండి తీసినది, ప్రక్కనుండి తీసినది. పిమ్మట మట్టితో బొమ్మ చేసి వారికి కబురంపును. వారు వచ్చి నాలుగు ప్రక్కల తిరిగి చూతురు. “ముక్కు ఇంకొంచెము సన్నగా ఉండవలె, కండువా ఎడమభుజముమీద ఉండవలె” నందురు. మట్టి మెత్తనిది, బొటనవ్రేలితో దిద్దును. అందరును సరేయన్న పిమ్మటనే అచ్చు తీయును. అచ్చునుండి మైనపు ప్రతి, మైనము కరగిపోయిన చోట కంచు. కంచు చల్లారిన పిమ్మట ముక్కు మార్చుమన్నచో మరల మట్టినుండి మొదలుపెట్టవలసినదే.

వీడియో చిత్రమునకును మట్టిదశ యొకటి కలదు. అది స్క్రిప్టు, దానితోపాటు ఏ దృశ్యము తరువాత ఏ దృశ్యము వచ్చునో చిన్న చిన్న బొమ్మలుగా గీసిన కాగితములు. ప్రొడక్షన్ మేనేజరు చేయవలసిన పనిలో సగము ఈ దశలోనే యున్నది. ఒక పాఠశాలకు చిత్రము తీయుచున్నారనుకొందము. పాఠశాల స్థాపించిన సంవత్సరము తప్పు పడినది. స్క్రిప్టులో నున్నప్పుడు ఆ తప్పు ఒక కలముపోటుతో తీరును. కంఠస్వరము రికార్డయిన పిమ్మటనైనచో ఆ గొంతుగల మనిషిని మరల పిలిపించి, ఆ వాక్యము మరల చదివింపవలెను. ప్రధానోపాధ్యాయురాలే కెమెరా ముందు నిలిచి ఆ సంవత్సరము చెప్పియున్నచో ఆమె అదే చీర కట్టి, అదే చోట, అదే వేళ ఎండలో మరల నిలువవలెను. అప్పటికి సెలవులిచ్చిరేని వెనుక ఆడుకొను పిల్లలెవరు? తప్పు అదే, దశ మారినకొలది దానివెల పెరిగినది.

అందుచేత మేనేజరు మొదట అడుగవలసిన ప్రశ్న, “చిత్రము ఎట్లుండవలె?” నని కాదు. “ఎవరు చూడవలె? చూచి ఏమి చేయవలె?” నని. క్లయింటు సాధారణముగ “గ్రాండుగా ఉండవలె” ననును. లేదా “కొంచెము కొత్తగా ఉండవలె” ననును. ఈ మాటలకు ఒక్కొక్కరి మనస్సులో ఒక్కొక్క అర్థము. బట్టలకొట్టు యజమానికి గ్రాండు అనగా దీపములు, జనము. కెమెరామన్‌కు గ్రాండు అనగా క్రేనుమీదినుండి తీసిన దృశ్యము. నేర్పరియైన మేనేజరు, “మీకు నచ్చిన చిత్రములు రెండు, నచ్చనిది ఒకటి చూపుడు” అని అడుగును. నచ్చనిదానిని చూపుమన్నప్పుడు గాని మనిషి మనస్సు బయటపడదు. ఆ పిమ్మట తాను గ్రహించినదానిని ఒక్క పుటలో వ్రాసి, చదివి వినిపించి, సంతకము తీసికొనును. ఈ పుటలో చిత్రము నిడివి, ఎవరికొరకు, ఎక్కడ చూపుదురు, ఏ తేదీకి కావలెను, ఎంత ఖర్చు, ఎన్నిసార్లు మార్పులకు అవకాశము అను విషయములుండును. టీవీకైనచో తెర అడ్డముగా నుండవలె. సెల్‌ఫోనులో చూచుటకైనచో నిలువుగా నుండవలె. రెండును కావలెనన్నచో మొదటి దినముననే కెమెరామన్‌కు చెప్పవలె. అడ్డముగా తీసినదానిని తరువాత నిలువుగా కత్తిరించినచో అంచుననున్న మనిషి సగము పోవును.

సంతకము ఎవరిది? మన పట్టణములలో చిక్కు ఇక్కడనే యున్నది. వ్యాపారము కుటుంబముది. మిల్లు పెట్టినవారు తండ్రిగారు. చిత్రము కావలెనన్నవాడు కొడుకు. ఖర్చు చూచువారు బాబాయిగారు. హైదరాబాదులోనున్న బావగారు ఫోనులో చూచి సంగీతము మార్చుమందురు. కొడుకు స్క్రిప్టు చూచి సరేయనెను. చిత్రము పూర్తియైన దినమున తండ్రిగారు మొదటిసారి చూచి, “ఇందులో మా నాయనగారి ఫొటో ఏదీ?” అని అడుగుదురు. ఆయన అడుగుటలో తప్పులేదు. ఆయనను మట్టిబొమ్మ దగ్గరకు ఎవరును పిలువలేదు. కావున చివరిమాట ఎవరిదో మొదటి దినముననే తెలిసికొనవలెను. ఎందరు అభిప్రాయము చెప్పినను, అవి యన్నియు ఒక్కరి నోట రావలెను.

ఇందుకు మన దేశములో గొప్ప నిదర్శనము కలదు. సికింద్రాబాదు తిరుమలగిరిలో 1934లో జన్మించిన శ్యామ్ బెనగల్ చలనచిత్ర దర్శకుడు కాకపూర్వము బొంబాయిలో ప్రకటన సంస్థలో పనిచేసి, వందలకొలది ప్రకటన చిత్రములు తీసినవాడు. ఆయన 1976లో ‘మంథన్’ అను చిత్రమును గుజరాతు పాలరైతుల సొమ్ముతో నిర్మించెను. అయిదు లక్షలమంది రైతులు తలకు రెండు రూపాయల చొప్పున ఇచ్చిరి. అనగా ఆ చిత్రమునకు అయిదు లక్షలమంది క్లయింట్లు! కాని వారందరి పక్షమున మాటలాడినవాడు సహకార పాడిపరిశ్రమకు సారథియైన వర్గీస్ కురియన్ ఒక్కడే. కథారచనలో దర్శకునితోపాటు కురియన్ పేరును కలదు. డబ్బిచ్చిన పక్షమువాడు కథదశలోనే కూర్చున్నాడన్నమాట. ఆ చిత్రము ప్రకటనవలె గాక కళాఖండముగా నిలిచి, 2024లో పునరుద్ధరింపబడి కాన్ చిత్రోత్సవములో ప్రదర్శింపబడినది. బెనగల్ ఆ తరువాత 1987లో మన పోచంపల్లి చేనేతవారి జీవితమును ‘సుస్మన్’ అను చిత్రముగా తీసెను. దానికిని వెనుక నిలిచినవి చేనేత సహకార సంస్థలే.

ఇక కాలనిర్ణయము. చిత్రనిర్మాణములో పంచాంగము తెలియని మేనేజరు పనికిరాడు. కృష్ణా పశ్చిమడెల్టాలో వరినాట్లు శ్రావణ భాద్రపదములలో కనబడును. కోతలు మార్గశిర పుష్యములలో. వరి కోతకు ముందే చేనిలో మినుములు చల్లు అలవాటు తెనాలి ప్రాంతమున చిరకాలముగా నున్నది. ఇటీవల కోత యైన మాగాణిలో మొక్కజొన్నయు వేయుచున్నారు. చైత్రమాసమున వచ్చి “పచ్చని వరిచేలు చూపుడు” అనిన క్లయింటునకు ఏ కెమెరాయు సమాధానము చెప్పలేదు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల చేపలవేటకు నిషేధము. నిజాంపట్నము రేవులో పడవలు కట్టివేసి యుండును. వేటకు సాగిపోవు పడవలు చిత్రములో కావలెనన్నచో ఆ రెండు నెలలును తప్పించి తేదీ పెట్టుకొనవలెను. పాఠశాల చిత్రము ఏప్రిల్, మే నెలలలో చూపవలసినది. ఆ నెలలలో బడి ఖాళీ. కావున పరీక్షల హడావిడికి ముందే, జనవరి ఫిబ్రవరులలో తీసి యుంచవలెను.

స్టూడియోవారికిని ఒక పంచాంగము కలదు. మాఘ ఫాల్గుణములలోను, వైశాఖములోను పెండ్లిండ్లు ముమ్మరము. కెమెరామన్ దొరకుటయే గగనము. ఆషాఢములోను, మూఢములలోను చేతినిండ తీరిక. తొందరలేని పని ఆ దినములకు ఉంచినచో నెమ్మదిగా జరుగును, ఖర్చును తగ్గును. సూర్యలంక సముద్రతీరమున డ్రోన్ ఎగురవేసి తీయవలెనని పలువురకు కోరిక. అచ్చట వాయుసేన కేంద్రమున్నది. 2021 నాటి డ్రోన్ నియమముల ప్రకారము ఏ ప్రాంతమున ఎగురవేయవచ్చునో, ఎక్కడ అనుమతి కావలెనో ముందుగా విచారించుట మేనేజరు విధి. కుఱ్ఱవాడు కెమెరా తీసికొని ఇసుకలో దిగిన పిమ్మట విచారించుట కాదు.

స్వరమును గూర్చి ఒక మాట. కంటికి ఇంపైన వాక్యము చెవికి ఇంపుగా ఉండకపోవచ్చును. తెనాలి సమీపమున మోరంపూడిలో పుట్టిన జగ్గయ్యగారు ఢిల్లీ రేడియోలో తెలుగువార్తలు చదివి, పిమ్మట చలనచిత్రములలో ప్రసిద్ధులైరి. ఆయన మాటలో ప్రతి అక్షరము వినబడును. అట్టి కంఠము అందరకు దొరకదు. కాని స్క్రిప్టు పైకి చదివి, నోరు తిరుగని చోట దిద్దుట అందరకు సాధ్యమే. గడియారము ముందుంచుకొని చదివినచో నిమిషమునకు వ్రాసినది నిమిషమున్నర పట్టుట అప్పుడే తెలియును. రేపల్లె దగ్గరి మత్స్యకారుడు తన పనిని గూర్చి తన మాటలో చెప్పినచో దానిని పుస్తకభాషలోనికి మార్చరాదు. చూచువారు నమ్మునది ఆ మాటనే.

మార్పులను గూర్చియు, డబ్బును గూర్చియు మొగమాటము మన గుణము. “చిన్న మార్పే గదా” అని క్లయింటనును. మన పట్టణములలోని స్టూడియో యనగా ముగ్గురు నలుగురు మనుష్యులు. కెమెరా ఒకరిది, ఎడిటింగు ఒకరిది. ఆ చిన్న మార్పుకొరకు ఎడిటింగు చేయువాడు మూడు రాత్రులు కూర్చున్నచో ఆ మూడు రాత్రుల కూలి ఎవరిత్తురు? చదువుకొని, హైదరాబాదు వెళ్లక, ఊరిలోనే తల్లిదండ్రులదగ్గర నుండి బ్రతుకుదమని ఈ వృత్తి పట్టిన యువకులును యువతులును ఉన్నారు. లెక్కలేని మార్పులే వారిని ఊరు విడిపించుచున్నవి. కావున మొదటి కూర్పు చూపినప్పుడు ఒకసారి, తుదికూర్పు చూపినప్పుడు ఒకసారి మార్పులు చెప్పవచ్చునని, అటుపైనవానికి వేరు వెల యని ముందే వ్రాసికొనవలెను. ఒప్పందమునాడు సగము, షూటింగు ముగిసిననాడు పాతిక, అప్పగింతనాడు పాతిక యను పద్ధతి ఇరువురకును మేలు. స్టూడియో తప్పువలన వచ్చిన మార్పునకు మాత్రము వెల యడుగరాదు. న్యాయము రెండువైపుల నుండవలె.

చిత్రము ఎవరిదను ప్రశ్నయు కలదు. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, ప్రతిఫలమిచ్చి ఒకరు చేయించుకొన్న చిత్రమునకు, వేరొప్పందము లేనిచో, చేయించుకొన్నవారే తొలి హక్కుదారులు. కాని అందులో వాడిన సినిమాపాట హక్కు వారికి రాదు. దానికి అనుమతి వేరుగా తీసికొనవలెను. చిత్రములో చేరక మిగిలిన దృశ్యములు ఎవరివద్ద ఉండవలెను, ఎంతకాలము భద్రపరుపవలెను అను సంగతియు ఆ మొదటి పుటలోనే వ్రాసికొనుట మంచిది. పిల్లల ముఖములు చూపినచో తల్లిదండ్రుల అంగీకారము, ఆసుపత్రి చిత్రములో రోగిని చూపినచో రోగి అంగీకారము కావలెను.

ఇంతవరకు చెప్పినది క్లయింటునకును స్టూడియోకును నడుమ సంగతి. మూడవవాడు మరియొకడు కలడు. అతడు బయానా ఇయ్యలేదు, సంతకము చేయలేదు. కాని చిత్రము అతనికొరకే. అతడే చూచువాడు. విత్తనముల ప్రకటనలో “ఎకరాకు నలుబది బస్తాలు” అని విని అప్పుచేసి విత్తనము కొను రైతు అతడు. రొయ్యలమేత ప్రకటన చూచి చెరువుమీద ఉన్నదంతయు పెట్టువాడు అతడు. బాపట్ల పరిశోధన కేంద్రమునుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా మనమెరిగిన సాంబమసూరి, రైతు పొలములో చూచి, ఇల్లాలు పళ్లెములో చూచి మెచ్చిన వంగడము. పొలములో రుజువైన మాటయే చిత్రములోనికి రావలెను. ఆ నలుబది బస్తాలు ఎవరి పొలములో, ఏ సంవత్సరమున, ఏ నేలలో పండినవని మేనేజరు అడుగవలెను.

అడుగుట మర్యాదయే కాదు, చట్టమును అదే కోరుచున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయలవరకు, మరల చేసినచో 50 లక్షలవరకు జరిమానా విధింపవచ్చును. 2022లో వచ్చిన మార్గదర్శకముల ప్రకారము, ప్రకటనలోని గొప్ప ఏ భాషలో చెప్పిరో, దానికి పెట్టిన షరతును ఆ భాషలోనే చెప్పవలెను. తెలుగులో ఆశ చూపి, ఇంగ్లీషులో చీమలబారు అక్షరములతో షరతు వ్రాయుట కుదరదు.

చిన్న ఊరిలో ఇది అంత సులభము కాదని మేమెరుగుదుము. క్లయింటు బంధువై యుండును, లేదా తండ్రిగారి స్నేహితుడై యుండును. “ఏమిరా అబ్బాయీ, మా మాట నమ్మవా?” అని యడుగును. కాదనుటకు నోరు రాదు. అప్పుడు వాదము పెట్టుకొననక్కరలేదు. “నమ్మితిని బాబాయిగారూ. రేపు చూచినవాడెవడైన అడిగినచో చూపుటకు ఆ కాగితమొకటి ఇప్పించుడు” అన్నచో చాలును. కాగితమున్నచో ఇచ్చును. లేనిచో ఆ వాక్యము ఆయనయే కొట్టివేయుమనును. ఇదియు స్క్రిప్టు దశలోనే జరుగవలసిన మాట; చిత్రము పదివేలమంది ఫోనులకు చేరిన పిమ్మట చెప్పిన క్షమాపణ ఆ పదివేలమందికి చేరదు.

చిత్రము చేయించుకొనదలచిన శ్రోతలకు మా సలహా యొకటి. బయానా ఇచ్చుటకు ముందు స్క్రిప్టు తెప్పించుకొనుడు. ఇంటిలోని పెద్దవారిని, దుకాణములోని గుమాస్తాను, వీలైనచో మీ సరకు కొను ఒక ఖాతాదారుని కూర్చుండబెట్టి, దానిని ఒకరిచేత పైకి చదివించి వినుడు. రేడియో ఉన్న ఇండ్లవారికి చెవితో విని మంచిచెడ్డ తెలిసికొనుట క్రొత్త పని కాదు. వినునప్పుడు ఎవరి కనుబొమలు ముడిపడినవో అచ్చట ఆపి అడుగుడు, దిద్దించుడు. ఆ తరువాత సంతకము చేసి, షూటింగునకు మంచిదినము చూచుకొనుడు.